కొట్టివేత పక్కన రెండు పొట్టి సంతకాలు

జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. ఆ ముప్పై ఏళ్లలో ఎన్ని వేల జవాబు పత్రాలు దిద్ది ఉంటానో లెక్క లేదు కానీ, వాటిలో ఒక్క పేపరు మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అది గొప్పగా రాసిన పేపరు కాదు. నేను తప్పుగా దిద్దిన పేపరు.

స్పాట్ వాల్యుయేషన్, అంటే అధ్యాపకులందరినీ ఒకచోట క్యాంపులో కూర్చోబెట్టి ఇంటర్మీడియట్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దించడం, ఎలా ఉంటుందో ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. మార్చిలో మొదలై ఏప్రిల్ ఎండల్లోకి సాగే పని అది. పొడవాటి బల్లలు, పైన గిర్రున తిరుగుతూ కాగితాలను ఎగరగొట్టే ఫ్యాన్లు, కాగితాలు ఎగరకుండా బరువుకు పెట్టుకున్న కళ్లజోడు పెట్టెలు, మధ్యాహ్నానికి వేడెక్కిపోయే మంచినీళ్ల సీసాలు. పొద్దున ఒక బండిల్, భోజనాల తర్వాత ఒక బండిల్ చేతికి వస్తాయి. విద్యార్థి పేరూ హాల్ టికెట్ నంబరూ ఉన్న భాగాన్ని ముందే చించేస్తారు కాబట్టి మన ముందుకు వచ్చేది ఒక కోడ్ నంబరు, ఒక చేతిరాత, అంతే. ఒకే ప్రశ్నకు ఒకే రకం జవాబు ఇరవయ్యోసారి చదువుతున్నప్పుడు కళ్లు అక్షరాల మీదే ఉంటాయి గానీ మనసు ఎప్పుడు పక్కకు జారుతుందో మనకే తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం బండిల్‌లో ఒక విద్యార్థి ఒక పేజీ మొత్తాన్ని అడ్డంగా గీత గీసి కొట్టేశాడు. ఆ కొట్టేసిన పేజీ చూసి పేపరు అయిపోయిందనుకున్నాను. మార్కులు కూడి 31 వేసి పక్కన పెట్టాను. పాసవ్వడానికి 35 రావాలి. ఆ కొట్టేసిన పేజీ వెనకాల ఇంకొక జవాబు ఉంది. పేజీ తిప్పలేదు.

చీఫ్ ఎగ్జామినర్‌గా వచ్చిన పెద్దాయన వేరే ఊరి కళాశాల అధ్యాపకుడు. ప్రతి బండిల్‌లోంచి కొన్ని పేపర్లు తీసి మళ్లీ చూడటం ఆయన పని. ఆయన ఆ పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, పక్కవాళ్లకు వినిపించనంత మెల్లగా, "అమ్మా, ఇదొకటి చివరిదాకా తిప్పి చూడండి" అన్నారు. తిప్పాను. ఆ జవాబు బాగానే ఉంది, ఆరు మార్కులు వచ్చాయి. 31 కాస్తా 37 అయింది. చేతులు చల్లబడ్డాయి. నా మొహం చూసి ఆయన అన్న మాటలు దాదాపు ఇవే: "మధ్యాహ్నం మూడు దాటాక నాకూ ఇలాగే అవుతుందమ్మా. అందుకే ఆ తర్వాత దిద్దినవి చివర ఇంకోసారి తిరగేస్తాను. మీరూ అలా చేయండి." అంతే. ఎవరినీ పిలవలేదు, గొంతు పెంచలేదు, హాల్లో ఎవరికీ తెలియనివ్వలేదు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ తర్వాత జరిగినది. ఆయన వెళ్లిపోయాక నేను ఆ మధ్యాహ్నం దిద్దిన పేపర్లన్నీ మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. ఇంకొక పేపరులో కూడికలో రెండు మార్కులు తగ్గాయి. అది ఆయన చూడని పేపరు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసే అవకాశం లేని పొరపాటు. నేనే లేచి ఆయన బల్ల దగ్గరికి నడిచి, "సార్, ఇంకొకటి ఉంది" అని చూపించాను.

ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మొదటి తప్పు దొరికినప్పుడు ఆయన నలుగురిలో నిలబెట్టి కడిగేసి ఉంటే, రెండో పేపరు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లేదాన్నా? నిజం చెప్పాలంటే, వెళ్లేదాన్ని కాదు. అసలు వెతికేదాన్నే కాదు. అవమానంతో మండిపోతున్న మనిషి తన మరో తప్పును తానే తవ్వుకోవడానికి కూర్చోదు. బండిల్ కట్టేసి ఇంటికి వెళ్లి ఏడ్చేదాన్ని, మర్నాడు నుంచి ఆ పెద్దాయన కంట పడకుండా తిరిగేదాన్ని. ఆ రెండు మార్కులు ఎవరివో గానీ పోయి ఉండేవి.

దయ అంటే చూసీ చూడనట్టు వదిలేయడమని మనలో చాలామందికి ఒక నమ్మకం. ఆ మధ్యాహ్నం నాకు అర్థమైనది దానికి పూర్తిగా విరుద్ధం. ఆయన వదిలేయలేదు. తప్పు చూపించారు, దిద్దించారు, మళ్లీ జరగకుండా ఒక పద్ధతి నేర్పారు. నా మొహం మీద మాత్రం కొట్టలేదు. ఆ ఒక్కటీ చేయకపోవడం వల్లనే రెండో తప్పు బయటికి వచ్చింది.

తెలుగు టీచరును కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన భాషలో 'తప్పు' అనే మాట ఎంత విచిత్రమైనదో గమనించారా? బాణం గురి తప్పుతుంది, మనిషి దారి తప్పుతాడు, పాత రోజుల్లో పిల్లవాడు పరీక్ష తప్పేవాడు. 'గండం తప్పింది' అంటే ఊపిరి పీల్చుకుంటాం. 'కోడలికి నెల తప్పింది' అంటే ఇంట్లో మిఠాయి పంచుకుంటాం. ఉండవలసిన చోటి నుంచి కాస్త జరగడం, పక్కకు పోవడం, ఇదే ఆ మాట లోపలి అర్థం. దాన్నే మనం క్రమంగా నేరానికీ పాపానికీ కూడా వాడుకుంటూ వచ్చాం. అందుకే ఒక పిల్లవాడు పరీక్ష తప్పినప్పుడు, వాడు గురి తప్పాడని కాకుండా వాడేదో తప్పు చేశాడని మన చెవికి వినిపిస్తుందేమోనని నాకు అనుమానం. 'ప్రమాదం' సంగతీ ఇంతే. సంస్కృతంలో దానికి ఏమరుపాటు అని అర్థం. ఎంత బుద్ధిమంతులైనా ఏమరపాటుకు లోనవుతారని చెప్పడానికి 'ప్రమాదో ధీమతామపి' అంటారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ ఏమరుపాటు ఆపదగా మారింది.

ఏమరుపాటు నిజంగానే ఆపదగా మారడం 2019లో మన కళ్లతో చూశాం. ఆ ఏడాది ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు పరీక్షలు రాస్తే మూడు లక్షలకు పైగా తప్పారు. పరీక్షకు హాజరైన పిల్లలకు గైర్హాజరు పడింది, మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు రెండో సంవత్సరంలో ఒకే సబ్జెక్టులో పోయారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం ముందు కూర్చున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, తప్పిన వాళ్లందరి పేపర్లనూ రుసుము లేకుండా తిరిగి చూడమని ఆదేశించింది. ఆ పరిశీలన తర్వాత 1,100 మందికి పైగా పిల్లలు పాసైనట్టు తేలింది.

ఆ గందరగోళంలో అందరి నోటా నలిగిన సంగతి ఒకటుంది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా మార్కులు వచ్చాయి. ఆమెకు నిజానికి వచ్చినవి 99. దిద్దినవారు మార్కులను కంప్యూటరు చదివేలా గుండ్రాలు నింపే ఓఎంఆర్ షీటు మీద తొమ్మిదుల గడులు నింపవలసిన చోట సున్నాల గడులు నింపారు. సరిచూడవలసినవారు చూడలేదు. దిద్దిన అధ్యాపకురాలికి ఐదు వేల రూపాయల జరిమానా పడింది, ఉద్యోగం పోయింది. సరిచూడవలసిన ఆయనను సస్పెండ్ చేశారు.

ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ సున్నా ఎలా పడుతుందో నాకు తెలుసు. నల్ల పెన్నుతో చిన్న చిన్న గుండ్రాలు నింపుతూ, ముప్పై పేపర్ల తర్వాత, మెడ నొప్పితో, ఒక వరుస పైకో కిందికో చెయ్యి జారడం ఎంత సులభమో తెలుసు. ఆ అమ్మాయి బాధా నాకు తెలుసు. నా దగ్గర చదువుకున్న వందల మంది అమ్మాయిల మొహాలు ఆమె మొహంలో కనిపించాయి. ఈ రెండు బాధలూ నా గుండెలో ఒకదానితో ఒకటి పోట్లాడుకోలేదు. రెండూ ఒకే చోట నుంచి వచ్చాయని అనిపించింది.

ఆ చోటు ఏమిటంటే, తప్పు అనేది జరగనే జరగదన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటు. మొదటి సంవత్సరం బాగా చదివిన పిల్లకు మాతృభాషలో సున్నా వస్తే, ఆ సున్నా ఫలితాల్లోకి వెళ్లే ముందే ఎక్కడో ఒక చోట గంట మోగాలి. 'ఇది ఒకసారి చూడండి' అని ఎవరో ఒకరు అనాలి. అలా అనడానికి ఒక గడి, ఒక వేళ, ఒక మనిషి ఉండాలి. మనిషి చెయ్యి జారుతుందని ముందే ఒప్పుకున్న ఏర్పాటులోనే అలాంటి గంట ఉంటుంది. పైగా ఫలితాలు వచ్చిన మొదటి రోజుల్లో పెద్దల నుంచి వినిపించినది పొరపాట్లేమీ లేవన్న మాట. తప్పు ఒప్పుకోవడానికి పెద్ద పెద్ద కుర్చీలే వెనకాడితే, పదిహేడేళ్ల పిల్లకు తన తప్పును భుజాన వేసుకుని ఇంటి గుమ్మం ఎక్కే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక తండ్రి నన్ను నిలదీయవచ్చు: "మీ కళ్లకు అలసట వచ్చినందుకు మా పిల్ల పోవాలా? దానికి మళ్లీ దయ కూడానా?" ఆ కోపం న్యాయమైనది. ఆ తండ్రిని క్షమించమని అడిగే అర్హత నాకు లేదు, అడగను. బాధపడినవాళ్లు ఎప్పుడు క్షమించాలో, అసలు క్షమించాలో వద్దో చెప్పడానికి మూడో మనిషికి హక్కు లేదు. నా మాట ఏర్పాటును నడిపేవాళ్లతో. ఆ అధ్యాపకురాలి ఉద్యోగం తీసేయడం వల్ల మర్నాటి నుంచి క్యాంపుల్లో ఏమి మారి ఉంటుందని ఆలోచించండి. అందరూ రెట్టింపు జాగ్రత్తగా ఉండి ఉంటారని బయటివాళ్లు అనుకుంటారు. లోపల కూర్చున్న నాకు తెలిసి, భయపడిన చెయ్యి ఇంకా ఎక్కువ వణుకుతుంది. అంతకంటే పెద్ద నష్టం, ఆ సాయంత్రం తన బండిల్‌లో ఏదో తేడా జరిగిందని అనుమానం వచ్చిన అధ్యాపకుడు నోరు విప్పడు. 'చూద్దాంలే, దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు' అనుకుని బస్సెక్కుతాడు.

పేపరు చదవకుండానే మార్కులు వేసేవాళ్లూ ఉంటారు. బండిల్ విప్పకుండానే 'సరిచూశాను' అని సంతకం పెట్టేవాళ్లూ ఉంటారు. అది పొరపాటు కాదు, నిర్లక్ష్యం. తెలిసి మార్కులు మార్చేది మోసం. వాటికి శిక్ష ఉండవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ఒకే కర్రతో కొడితే, మోసగాడు ఎలాగూ దాచుకుంటాడు, నిర్లక్ష్యం చేసేవాడు తప్పించుకునే దారి వెతుక్కుంటాడు, చివరికి దెబ్బ తినేది నిజాయితీగా పనిచేస్తూ చెయ్యి జారినవాడే.

ఈ విషయాన్ని నాకంటే స్పష్టంగా అర్థం చేసుకున్నవాళ్లు విమానాలు నడిపేవాళ్లు. మా అన్నయ్య కొడుకు విమానాల మరమ్మతు ఇంజనీరు. నా ఆ పాత పేపరు కథ విని వాడు చెప్పిన సంగతి ఇది. 1974 డిసెంబరు 1న అమెరికాలో టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థకు చెందిన 514 నంబరు విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ వర్జీనియాలోని ఒక కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలరు ఇచ్చిన అనుమతిని, 'ఇప్పుడే కిందికి దిగవచ్చు' అన్న అర్థంలో పైలట్లు తీసుకున్నారు. మేఘాల వెనక కొండ ఉంది. విచారణలో బయటపడిన సంగతి ఇంకా గుండెను పిండేది: దాదాపు ఆరు వారాల ముందు వేరే సంస్థ విమానం ఒకటి సరిగ్గా అదే మాటను అదే విధంగా అపార్థం చేసుకుని, అదే కొండకు తగలకుండా త్రుటిలో బయటపడింది. ఆ పైలట్లు తమ సంస్థలో ఆ విషయం చెప్పారు, ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. కానీ ఆ హెచ్చరిక ఆ సంస్థ గోడలు దాటి టీడబ్ల్యూఏ పైలట్ల దాకా చేరలేదు.

దాని తర్వాత 1976లో అక్కడ ఒక పద్ధతి పెట్టారు. పైలటు గానీ, కంట్రోలరు గానీ, మరమ్మతు చేసేవారు గానీ తమ పొరపాటును పది రోజుల లోపు రాసి పంపితే, ఆ రాతను విమానయాన నియంత్రణ సంస్థ కాకుండా అంతరిక్ష పరిశోధనలు చేసే నాసా తీసుకుంటుంది. పేరూ ఊరూ తీసేసి, అందులోని పాఠాన్ని మాత్రం అందరికీ తెలియజేస్తుంది. కావాలని చేయని పొరపాటైతే రాసినవారికి జరిమానా నుంచి, లైసెన్సు సస్పెన్షన్ నుంచి రక్షణ ఉంటుంది. నేరాలకూ ప్రమాదాలకూ ఆ రక్షణ వర్తించదు. శిక్షించే చెయ్యీ వినే చెవీ ఒకే మనిషివి కాకూడదన్న ఎరుక ఆ ఏర్పాటులో ఉంది. నియంత్రణ సంస్థే వింటానంటే ఎవరూ చెప్పరని వాళ్లకు తెలుసు. మా అన్నయ్య కొడుకు ఇదంతా చెబుతుంటే నాకు మా చీఫ్ ఎగ్జామినర్ గొంతు గుర్తొచ్చింది. ఆయనకు నాసా గురించి తెలిసి ఉండదు. ఆయన తన బల్ల దగ్గర చేసినదీ అదే పని.

ఇంత చెబుతున్న నేను తరగతి గదిలో ఎలా ఉన్నానన్నది కూడా చెప్పాలి, లేకపోతే ఈ రాతకు నిజాయితీ ఉండదు. ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్లు యూనిట్ టెస్టు పేపర్లు పంచేటప్పుడు రోల్ నంబరు పిలిచి మార్కులు బిగ్గరగా చదివేదాన్ని. సిగ్గుపడితే చదువుతారని నమ్మేదాన్ని. మా ఉపాధ్యాయులు మాకు చేసినదే నేనూ చేస్తున్నాననుకున్నాను. మూడో బెంచీలో గోడ వైపు కూర్చునే అబ్బాయి ఒకడుండేవాడు. పాఠం శ్రద్ధగా వినేవాడు, పద్యం రాగయుక్తంగా చదివేవాడు, రాతలో మాత్రం అక్షరదోషాలు ఎక్కువ. కొన్నాళ్లకు హాజరు పట్టీ చూస్తుండగా ఒక విషయం తట్టింది. ఆ ఏడాది వాడు రాని రోజులు ఐదు. ఐదూ నేను పేపర్లు పంచిన రోజులే.

ఆ హాజరు పట్టీ ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. వాడు నా దగ్గర నేర్చుకున్నది ఏమిటి? అక్షరదోషాలు దిద్దుకోవడం నేర్చుకోలేదు, ఎందుకంటే దోషాలున్న పేపరును వాడు చూడనే లేదు. దాక్కోవడం నేర్చుకున్నాడు. నేనే నేర్పాను. చిన్నప్పుడు మా ఇంట్లో గాజు గ్లాసు పగిలితే మేము మొదట చేసే పని గాజు పెంకులు ఏరి పెరట్లో అరటిచెట్టు మొదట్లో పూడ్చడం. ఒకసారి ఆ పెంకే మా అమ్మ కాలిలో దిగింది. గ్లాసు పగిలితే అమ్మ కొట్టకుండా ఉండి ఉంటే ఆ పెంకులు చెత్తబుట్టలోనే ఉండేవి. ఆ రోజు హాజరు పట్టీ చూస్తుంటే నాకు ఆ అరటిచెట్టు మొదలు కనిపించింది.

ఆ తర్వాత నుంచి పేపర్లు మడిచి, మార్కులు లోపలికి ఉండేలా, ఒక్కొక్కరి చేతికే ఇచ్చాను. బోర్డు మీద అందరూ చేసిన పొరపాట్లను పేర్లు లేకుండా రాసి, 'ఇవి మనందరివీ' అని చెప్పి దిద్దించాను. కొన్నిసార్లు నేను బోర్డు మీద రాస్తూ చేసిన పొరపాటును పిల్లలు పట్టుకునేవారు. మొదట్లో మొహం ఎర్రబడేది. తర్వాత్తర్వాత, "బాగా చూశావు నాన్నా, వచ్చి దిద్దు" అని సుద్దముక్క వాడి చేతికే ఇచ్చేదాన్ని. ఆ అబ్బాయి రెండో సంవత్సరంలో పేపర్లు పంచే రోజుల్లోనూ వచ్చాడు. అక్షరదోషాలు పూర్తిగా పోలేదు, తగ్గాయి. గొప్ప మార్పు జరిగిందని చెప్పను. వచ్చాడు, కూర్చున్నాడు, తన పేపరు తాను చూసుకున్నాడు. నాకు అది చాలు.

క్యాంపుల్లో ఇప్పుడు పనిచేస్తున్న నా కంటే చిన్నవాళ్లు అప్పుడప్పుడు ఫోను చేస్తారు. వాళ్లతో నేను ఒకటే అడుగుతాను. సాయంత్రం బండిళ్లు కట్టే ముందు ఒక పావుగంట పెట్టించండి. ఆ పావుగంటలో ఎవరికైనా తాము దిద్దిన పేపరు మీద అనుమానం ఉంటే వెనక్కి తీసి చూసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, దానికి సంజాయిషీ అడగరు, పేరు రాసుకోరు అని పెద్దలు నోటితో చెప్పాలి. పైసా ఖర్చు లేదు. "అలా చెబితే అందరూ పేపర్లు వెనక్కి తీస్తారు మేడమ్, పని తెమలదు" అని ఒక అమ్మాయి అంది. తీయనివ్వండి. ఎంతమంది తీస్తారో చూస్తే, ఇన్నాళ్లూ ఎన్ని అనుమానాలు నోరు మూసుకుని బస్సెక్కాయో కూడా తెలుస్తుంది.

ఆ రోజు 31 మీద గీత కొట్టి, పక్కన 37 రాసి, దాని పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. నిబంధన ప్రకారం చీఫ్ ఎగ్జామినర్ సంతకం కూడా ఉండాలి. ఆయన నా చేతిలోని ఎర్ర పెన్నే తీసుకుని, నా సంతకం కింద తనది పెట్టి, పెన్ను నాకే తిరిగి ఇచ్చి పక్క బల్లకు వెళ్లిపోయారు. ఆ కోడ్ నంబరు వెనుక ఉన్న పిల్ల ఎవరో, పిల్లవాడు ఎవరో, ఆ మార్కులతో ఎక్కడ చేరారో నాకు తెలియదు.